వందకు పైగా జాతులు, 15 దేశాలు: సోవియట్ యూనియన్ పంపకం ఎలా జరిగింది?

ఉక్రెయిన్ యుద్ధం గురించి చర్చ మొదలైనప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: క్రిమియా మొదట రష్యాదే, 1954లో ఉక్రెయిన్‌కు ఇచ్చారు. 2023 సెప్టెంబరులో నగోర్నో కరబాఖ్ నుంచి లక్షకు పైగా ఆర్మేనియన్లు కొద్దిరోజుల్లోనే ఇళ్లు వదిలి వెళ్లిపోయినప్పుడూ అలాంటి మాటే వినిపించింది: ఆ ప్రాంతాన్ని 1920ల్లో అజర్‌బైజాన్ కింద పెట్టారు. జార్జియా, మాల్డోవా, చెచెన్యా, మధ్య ఆసియాలోని ఫెర్గానా లోయ... ఏ గొడవను తవ్వినా అడుగున సోవియట్ కాలంలో గీసిన ఒక పాలనా సరిహద్దు కనిపిస్తుంది. వైద్యవిద్య కోసం ఉక్రెయిన్‌కో, జార్జియాకో, కిర్గిజ్‌స్థాన్‌కో వెళ్లిన పిల్లల వల్ల ఈ పేర్లు తెలుగు ఇళ్లలోనూ వినపడుతున్నాయి. కానీ వాటి వెనక ఉన్న చిక్కుముడి ఏమిటో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

ఆ ముడి విప్పడానికి ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. 1989 జనాభా లెక్కల ప్రకారం సోవియట్ యూనియన్‌లో దాదాపు 28.7 కోట్ల మంది ఉన్నారు. వందకు పైగా జాతులు. 1991 చివరికి అది సరిగ్గా 15 దేశాలైంది. పన్నెండూ కాలేదు, ముప్పయ్యీ కాలేదు. ఎందుకు 15? అప్పటికి తాతర్లు 66 లక్షల మంది, వాళ్లకు దేశం రాలేదు. ఎస్టోనియన్లు 10 లక్షల మందే, వాళ్లకు వచ్చింది. దీనికి జవాబు దొరికితే తర్వాత జరిగిన యుద్ధాల్లో చాలావాటికి మూలం దొరికినట్టే.

## యూనియన్ రిపబ్లిక్, స్వయంపాలిత రిపబ్లిక్: ఎవరి హోదా ఏమిటి?

1922 డిసెంబరు 30న రష్యా, ఉక్రెయిన్, బెలారస్, ట్రాన్స్‌కాకేసియా (అంటే నేటి జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్‌ల సమాఖ్య) కలిసి ఒప్పందం చేసుకోవడంతో సోవియట్ యూనియన్ ఏర్పడింది. జార్ చక్రవర్తుల పాలనను జాతుల చెరసాల అని విమర్శించిన బోల్షివిక్‌లు (లెనిన్ నాయకత్వంలోని కమ్యూనిస్టులు) తమ రాజ్యాన్ని జాతుల పేరు మీదే నిర్మించారు. భూభాగాన్ని జాతుల వారీగా విభజించి, ఒక్కో జాతికి ఒక్కో స్థాయి ఇచ్చారు.

పై మెట్టు మీద యూనియన్ రిపబ్లిక్‌లు. 1956 తర్వాత ఇవి 15. సొంత రాజ్యాంగం, సొంత సుప్రీం సోవియట్ (శాసనసభ) ఉండేవి. కాగితం మీద యూనియన్ నుంచి విడిపోయే హక్కు కూడా ఉండేది. 1977 రాజ్యాంగంలో అది 72వ అధికరణం. దాని కింద మెట్టు స్వయంపాలిత రిపబ్లిక్‌లు. ఇవి ఏదో ఒక యూనియన్ రిపబ్లిక్ లోపల ఉంటాయి, సొంత ప్రభుత్వం ఉన్నా విడిపోయే హక్కు లేదు. ఇంకా కింద స్వయంపాలిత ప్రాంతాలు, జిల్లాలు. కరబాఖ్ స్వయంపాలిత ప్రాంతం. అబ్ఖాజియా స్వయంపాలిత రిపబ్లిక్. జార్జియా యూనియన్ రిపబ్లిక్.

ఇక్కడే ఇంకో సంగతి పట్టించుకోవాలి. 1932 నుంచి సోవియట్ పౌరుల అంతర్గత పాస్‌పోర్టులో జాతి పేరు రాసేవారు. అది పౌరసత్వానికి వేరు. అందరూ సోవియట్ పౌరులే, కానీ ఒకరి పాస్‌పోర్టులో ఉజ్బెక్ అనీ, ఒకరి దాంట్లో యూదు అనీ, ఇంకొకరి దాంట్లో ఆర్మేనియన్ అనీ ఉండేది. బాకూ నగరంలో పుట్టి పెరిగిన ఆర్మేనియన్ అక్కడే ఉన్నా ఆర్మేనియనే. అంటే ప్రతి మనిషికీ ఒక జాతి ఉంది, చాలా జాతులకు ఒక భూభాగం ఉంది, కానీ ఆ జాతి మనుషులందరూ ఆ భూభాగంలోనే లేరు. యూనియన్ ఒక్కటిగా ఉన్నన్నాళ్లూ ఈ తేడా పెద్దగా బాధించలేదు. కోట్లమంది ఉద్యోగాల కోసం, సైనిక సేవలో, బలవంతపు తరలింపుల్లో ఇటునుంచి అటు వెళ్లారు. మధ్యలో గీత ఉందన్న ధ్యాసే చాలామందికి లేదు.

## కజఖ్‌స్థాన్‌కు వచ్చింది, తాతర్‌స్థాన్‌కు రానిది

హోదా ఎవరికి ఎలా దక్కిందో ఒక ఉదాహరణతో చూద్దాం. 1936 దాకా కజఖ్, కిర్గిజ్ ప్రాంతాలు రష్యా లోపలి స్వయంపాలిత రిపబ్లిక్‌లే. తాతర్ రిపబ్లిక్‌దీ అదే స్థాయి. కొత్త రాజ్యాంగం తెస్తున్న ఆ సంవత్సరం, ఎవరికి పై మెట్టు ఇవ్వాలన్న చర్చ వచ్చింది. స్టాలిన్ మూడు షరతులు చెప్పాడు. ఆ రిపబ్లిక్ యూనియన్ అంచున ఉండాలి, చుట్టూ సోవియట్ భూభాగమే ఉండకూడదు. దానికి పేరిచ్చిన జాతి అక్కడ ఎక్కువగా, ఒకేచోట ఉండాలి. జనాభా మరీ తక్కువ కాకూడదు, పది లక్షలైనా దాటాలి.

మొదటి షరతుకు ఇచ్చిన తర్కం ఇది: విడిపోయే హక్కు రాజ్యాంగంలో రాశాం కాబట్టి ఆ హక్కుకు అర్థం ఉండాలి, నాలుగు వైపులా సోవియట్ నేలే ఉంటే విడిపోయి ఎక్కడికి వెళ్తారు? అప్పట్లో ఆ హక్కును నిజంగా వాడుకోవడం ఊహకు కూడా అందని మాట. అయినా ఆ తర్కం ప్రకారం కజఖ్‌స్థాన్, కిర్గిజ్‌స్థాన్ పై మెట్టెక్కాయి. వోల్గా తీరాన రష్యా నడిబొడ్డున ఉన్న తాతర్, బష్కిర్ రిపబ్లిక్‌లు ఎక్కలేదు.

55 ఏళ్ల తర్వాత ఆ నిర్ణయమే దేశాల జాబితా అయింది. 1989 నాటికి కజఖ్‌స్థాన్‌లో కజఖ్‌లు 40 శాతం లోపే, రష్యన్లు 38 శాతం దగ్గర ఉన్నారు. 1930ల మొదట్లో వచ్చిన ఘోరమైన కరవు, తర్వాతి వలసలు అందుకు కారణం. స్టాలిన్ పెట్టిన రెండో షరతును ఆ రిపబ్లిక్ అప్పటికి నెరవేర్చడం లేదు. కానీ హోదా ఉంది కాబట్టి దేశమైంది. తాతర్‌స్థాన్ 1990 ఆగస్టులో సార్వభౌమత్వం ప్రకటించుకుంది, 1992 మార్చిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి గెలిచింది కూడా. చివరికి 1994 ఫిబ్రవరిలో మాస్కోతో ఒప్పందం చేసుకుని రష్యాలోనే ఉండిపోయింది. చెచెన్యాదీ అదే కింది హోదా. అది 1991 నవంబరులో స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, 1994 డిసెంబరులో రష్యా సైన్యం వచ్చింది. రెండు యుద్ధాలు, నేలమట్టమైన గ్రోజ్నీ నగరం. చెచెన్లు కోరింది ఎస్టోనియన్లు కోరినదే. కానీ ఒకరి హోదా వేరు, ఇంకొకరి హోదా వేరు. ప్రపంచ దేశాలు ఒకదాన్ని గుర్తించాయి, రెండోదాన్ని రష్యా ఇంటి వ్యవహారం అన్నాయి.

బాల్టిక్ దేశాల విషయంలో ఒక మినహాయింపు చెప్పుకోవాలి. ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా తాము విడిపోయామని ఒప్పుకోవు. 1918 నుంచి 1940 దాకా అవి స్వతంత్ర దేశాలు. 1939 ఆగస్టు 23న హిట్లర్ జర్మనీతో సోవియట్ యూనియన్ చేసుకున్న ఒప్పందంలోని రహస్య భాగం ప్రకారం తమను ఆక్రమించారని, 1991లో పోయిన స్వాతంత్ర్యం తిరిగి వచ్చిందని వాటి వాదన. అమెరికా వంటి దేశాలు ఆ విలీనాన్ని ఎన్నడూ గుర్తించలేదు. ఆ ఒప్పందానికి 50 ఏళ్లు నిండిన రోజున, 1989లో, మూడు రిపబ్లిక్‌ల గుండా 600 కిలోమీటర్లకు పైగా దాదాపు 20 లక్షల మంది చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు.

## 1985 నుంచి 1991: కూలిన క్రమం

ఇంత పెద్ద రాజ్యం ఎందుకు కూలిందన్నదానికి ఒకే కారణం చెప్పేవాళ్లను నమ్మడం కష్టం. ఆర్థిక వ్యవస్థ 1970ల చివరికే మందగించింది. 1986లో చమురు ధర సగానికి పడిపోయి విదేశీ మారకం కరిగిపోయింది. అఫ్ఘానిస్థాన్ యుద్ధం తొమ్మిదేళ్లకు పైగా నడిచింది. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ ప్రమాదం జరిగినప్పుడు దాచిపెట్టాలని చూడటంతో ప్రభుత్వం మీద నమ్మకం పోయింది. 1985లో పగ్గాలు పట్టిన గోర్బచెవ్ సంస్కరణలు తెచ్చాడు. మాట్లాడే స్వేచ్ఛ వచ్చింది, కానీ దుకాణాల్లో సరుకులు రాలేదు. స్వేచ్ఛగా మాట్లాడటం మొదలుపెట్టిన జనం ముందుగా మాట్లాడింది అణచిపెట్టిన చరిత్ర గురించి: కరవుల గురించి, తరలింపుల గురించి, తమ భాష గురించి.

అయితే దెబ్బ కొట్టింది అంచుల్లోని రిపబ్లిక్‌లు మాత్రమే కాదు, ఈ సంగతి తరచూ మరుగున పడుతుంది. 1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించింది. అది చిన్న రిపబ్లిక్. కానీ అదే ఏడాది జూన్ 12న యూనియన్‌లో సగం జనాభా, మూడొంతుల నేల ఉన్న రష్యా రిపబ్లిక్కే తన చట్టాలు యూనియన్ చట్టాల కన్నా పైన అని ప్రకటించింది. అక్కడి నుంచి మాస్కోలోనే రెండు ప్రభుత్వాలు: గోర్బచెవ్‌ది యూనియన్, యెల్సిన్‌ది రష్యా. ఆ పోటీలో మద్దతు కోసం 1990 ఆగస్టులో యెల్సిన్ తాతర్ల రాజధాని కజాన్‌కు వెళ్లి, మింగగలిగినంత సార్వభౌమత్వం తీసుకోండి అన్నాడు. పన్నులు ఎవరికి కట్టాలి, ఎవరి చట్టం చెల్లుతుంది అన్నది తేలక కేంద్ర ఖజానా ఎండిపోయింది. కేంద్రం మీద తిరగబడిన పెద్ద శక్తి రష్యాయే అన్న విషయం మర్చిపోతే, యూనియన్‌ను బయటివాళ్లు విడగొట్టారన్న కథ నమ్మబుద్ధి అవుతుంది.

1991 మార్చి 17న గోర్బచెవ్ ప్రజాభిప్రాయం అడిగాడు. పాల్గొన్నవారిలో 76 శాతం యూనియన్ కొనసాగాలన్నారు. దీన్ని చూపించి, జనం వద్దన్నా నాయకులు విడగొట్టారని నేటికీ వాదించేవారున్నారు. కాగితం మీద ప్రశ్న ఏమిటో చూడాలి: సమాన, సార్వభౌమ రిపబ్లిక్‌ల నవీకృత సమాఖ్యగా, ఏ జాతివారికైనా హక్కులూ స్వేచ్ఛలూ పూర్తిగా దక్కేలా యూనియన్‌ను కాపాడటం అవసరమని భావిస్తున్నారా? యూనియన్ కావాలనుకునేవాడూ, సార్వభౌమత్వం కావాలనుకునేవాడూ ఇద్దరూ అవునని చెప్పగలిగే ప్రశ్న అది. పైగా ఆరు రిపబ్లిక్‌ల ప్రభుత్వాలు ఈ ఓటింగ్‌నే బహిష్కరించాయి. ఉక్రెయిన్‌లో ఆ రోజు 70 శాతం అవునన్నారు. పక్కనే ఉన్న రెండో ప్రశ్నకు, అంటే ఉక్రెయిన్ సార్వభౌమత్వ ప్రకటన ఆధారంగానే యూనియన్‌లో ఉండాలా అన్నదానికి, 80 శాతం అవునన్నారు.

తొమ్మిది నెలలు తిరక్కుండానే డిసెంబరు 1న ఉక్రెయిన్‌లో 90 శాతం మంది స్వాతంత్ర్యానికి ఓటేశారు. మధ్యలో జరిగింది ఆగస్టు కుట్ర. కొత్త యూనియన్ ఒప్పందం మీద ఆగస్టు 20న సంతకాలు కావాలి. దాన్ని ఆపడానికి 19న గూఢచారి సంస్థ కేజీబీ అధిపతి, రక్షణ మంత్రి వంటివారు కలిసి గోర్బచెవ్‌ను క్రిమియాలో నిర్బంధించి మాస్కో వీధుల్లోకి ట్యాంకులు దింపారు. మూడు రోజుల్లో అది విఫలమైంది. యూనియన్‌ను కాపాడాలనుకున్నవాళ్లే దానికి మిగిలిన చివరి దారి మూసేశారు. 24న ఉక్రెయిన్ స్వాతంత్ర్యం ప్రకటించింది, మిగతావి వరుసకట్టాయి.

## బెలోవెజ్ అడవిలో ఒప్పందం: చట్టబద్ధమేనా?

డిసెంబరు 8న బెలారస్‌లోని బెలోవెజ్ అడవిలో ఒక ప్రభుత్వ విడిదిలో రష్యా, ఉక్రెయిన్, బెలారస్ నాయకులు యెల్సిన్, క్రావ్‌చుక్, షుష్కెవిచ్ కలిసి, సోవియట్ యూనియన్ ఇక లేదని ప్రకటించారు. 1922లో సంతకం చేసిన నలుగురిలో మిగిలింది తామే కాబట్టి రద్దు చేసే అధికారం తమకుందన్నారు. ట్రాన్స్‌కాకేసియా సమాఖ్య 1936లోనే రద్దయింది. 21న కజఖ్‌స్థాన్‌లోని ఆల్మా-అటాలో 11 రిపబ్లిక్‌లు దాన్ని బలపరిచాయి. 25న గోర్బచెవ్ రాజీనామా చేశాడు.

ఇది చెల్లదనేవారి వాదన తేలికగా తీసేయదగ్గది కాదు. విడిపోవడం ఎలాగో 1990 ఏప్రిల్‌లో ఒక చట్టం వచ్చింది. రిపబ్లిక్‌లో మూడింట రెండొంతుల ఓటర్లు ఒప్పుకోవాలి, తర్వాత ఐదేళ్ల దాకా పరివర్తన కాలం ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యం, ఆ రిపబ్లిక్ లోపలి స్వయంపాలిత ప్రాంతాలు తమ దారి తామే విడిగా తేల్చుకోవచ్చు. ఆ చట్టాన్ని ఎవరూ పాటించలేదు. పాటించి ఉంటే అబ్ఖాజియా, కరబాఖ్ వంటివాటికి ఓటు దక్కేదని ఒక పక్షం అంటుంది. రెండో పక్షం జవాబు: ఆ చట్టం తెచ్చిందే ఎవరూ విడిపోకుండా చేయడానికి. పైగా డిసెంబరు నాటికి దాన్ని అమలు చేసే కేంద్రమే లేదు. రెండింట్లోనూ నిజం ఉందని నాకనిపిస్తుంది. కేంద్రం లేదన్నది వాస్తవం. కింది మెట్టు మీదివాళ్లను ఎవరూ అడగలేదన్నదీ వాస్తవమే.

ఆ అడవి ఒప్పందంలో ఐదో అధికరణం ఇప్పటి సరిహద్దులను గౌరవిస్తామని చెప్పింది. పాలనా సరిహద్దులు ఎక్కడున్నాయో అక్కడే దేశ సరిహద్దులవుతాయన్న సూత్రం అంతర్జాతీయ చట్టంలో పాతదే. స్పెయిన్ వలసలు దేశాలైనప్పుడు దక్షిణ అమెరికాలో, తర్వాత ఆఫ్రికాలో దాన్నే పాటించారు. గీత న్యాయమైనదని కాదు, ఆ గీతను కదిపితే ప్రతి గీతా కదులుతుందన్న భయంతో.

మన దగ్గర 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విడిపోయినప్పుడు 9, 10 షెడ్యూళ్ల సంస్థల ఆస్తులు, కృష్ణా జలాల వాటాలు ఏళ్ల తరబడి తేలలేదన్నది మనకు తెలుసు. కానీ పైన పార్లమెంటు ఉంది, సుప్రీంకోర్టు ఉంది, నదీ బోర్డులున్నాయి. 1991లో పంచాల్సిన పెద్దదిక్కే లేకుండా పోయింది. ఎవరికి ఏది దక్కాలో చెప్పే కోర్టు లేదు, చెప్పినా వినాల్సిన అవసరం ఎవరికీ లేదు.

## గీతల మీద యుద్ధాలు

కరబాఖ్ కథ యూనియన్ బతికుండగానే మొదలైంది. జనాభాలో ఎక్కువమంది ఆర్మేనియన్లు, హోదా అజర్‌బైజాన్ లోపలి స్వయంపాలిత ప్రాంతం. 1988 ఫిబ్రవరి 20న అక్కడి ప్రాంతీయ సోవియట్ తమను ఆర్మేనియాలో కలపాలని తీర్మానించింది. సోవియట్ చట్టంలో అలా అడగొచ్చు, కానీ రెండు రిపబ్లిక్‌లూ ఒప్పుకోవాలి. అజర్‌బైజాన్ ఒప్పుకోలేదు, మాస్కో తేల్చలేదు. ఇరువైపులా దాడులు, తరిమివేతలు మొదలయ్యాయి. 1991 తర్వాత అది రెండు దేశాల మధ్య యుద్ధమైంది. 1994 మేలో కాల్పుల విరమణ జరిగేసరికి కరబాఖ్‌తో పాటు చుట్టూ ఉన్న అజర్‌బైజాన్ జిల్లాలు కూడా ఆర్మేనియన్ల చేతిలో ఉన్నాయి. లక్షలాది అజర్‌బైజానీలు నిరాశ్రయులయ్యారు. 2020లో 44 రోజుల యుద్ధంలో లెక్క తిరగబడింది. 2023 సెప్టెంబరులో మిగిలిందీ అజర్‌బైజాన్ తీసుకుంది, ఆర్మేనియన్లు ఖాళీ చేశారు. చట్టం లెక్కన ఆ నేల మొదటి నుంచీ అజర్‌బైజాన్‌దే. అక్కడ తరతరాలుగా బతికినవాళ్ల లెక్క వేరు. ఈ రెండింటినీ ఒకే కాగితం మీదికి తేగలిగిన ఒప్పందం 35 ఏళ్లలో రాలేదు.

అబ్ఖాజియా, దక్షిణ ఒసేషియా జార్జియా లోపలి కింది హోదా ప్రాంతాలు. అబ్ఖాజియాలో 1989లో అబ్ఖాజులు 18 శాతం, జార్జియన్లు 46 శాతం. 1992-93 యుద్ధం తర్వాత జార్జియన్లలో అత్యధికులు పారిపోవాల్సి వచ్చింది. 2008 ఆగస్టు యుద్ధం తర్వాత రష్యా ఆ రెండింటినీ దేశాలుగా గుర్తించింది. అలా గుర్తించిన దేశాలు చాలా తక్కువ. మాల్డోవాలో నీస్తర్ నది అవతలి ట్రాన్స్‌నిస్ట్రియా 1992 నుంచి ఏ దేశమూ గుర్తించని ప్రభుత్వం కింద ఉంది.

క్రిమియా వీటికి భిన్నం. 1944 మేలో స్టాలిన్ అక్కడి క్రిమియా తాతర్లను (వీళ్లు వోల్గా తాతర్లకు వేరు) మొత్తంగా మధ్య ఆసియాకు తరలించాడు. 1945లో దాని స్వయంపాలిత హోదా తీసేసి రష్యాలో మామూలు జిల్లాగా చేశారు. 1954 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌కు మార్చారు. నేల మీద క్రిమియాకు దారి ఉక్రెయిన్ వైపు నుంచే. నీళ్లూ అటునుంచే రావాలి. 1960ల్లో ద్నీపర్ నది నుంచి కాలువ తవ్వడం మొదలుపెట్టారు. అప్పట్లో ఇది ఒక దేశం లోపల పాలనా సర్దుబాటు. 1991 డిసెంబరు ఓటింగ్‌లో క్రిమియా కూడా ఉక్రెయిన్ స్వాతంత్ర్యానికి అవునంది, కానీ 54 శాతంతోనే. 2014 మార్చిలో రష్యా దాన్ని కలుపుకుంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో ఉక్రెయిన్ ప్రాదేశిక సమగ్రతను సమర్థించే తీర్మానానికి 100 దేశాలు అనుకూలంగా, 11 వ్యతిరేకంగా ఓటేశాయి. దూరంగా ఉన్న 58 దేశాల్లో భారత్ ఒకటి. ఉక్రెయిన్ కాలువ మూసేసింది, క్రిమియా పొలాలకు నీళ్లు ఆగిపోయాయి.

## అప్పులు, అణ్వాయుధాలు, రూబుల్

భూమి గీతల ప్రకారం పోయింది. గీతలు లేని ఆస్తుల సంగతేమిటి? భద్రతామండలి శాశ్వత సభ్యత్వం రష్యాకు వచ్చింది. 1991 డిసెంబరు 24న యెల్సిన్ రాసిన లేఖతో పెద్దగా అభ్యంతరం లేకుండానే ఆ కుర్చీ చేతులు మారింది. అప్పులను మొదట వాటాలుగా పంచారు: రష్యాకు 61.34 శాతం, ఉక్రెయిన్‌కు 16.37 శాతం, ఇలా. కట్టలేమని మిగతావి చేతులెత్తేస్తుంటే రష్యా ఒక ప్రతిపాదన పెట్టింది: అప్పంతా నేనే కడతాను, విదేశాల్లోని ఆస్తులన్నీ నావే. ఒక్కొక్కటీ ఒప్పుకున్నాయి. ఉక్రెయిన్ పార్లమెంటు మాత్రం దీన్ని ఆమోదించలేదు. పారిస్ క్లబ్ (అప్పులిచ్చిన దేశాల బృందం) అప్పును రష్యా 2006 ఆగస్టులో తీర్చేసింది.

భారత్‌కు ఇక్కడ సొంత సమస్య ఒకటి వచ్చింది. మనం సోవియట్ నుంచి ఆయుధాలు అప్పు మీద కొన్నది రూపాయి-రూబుల్ పద్ధతిలో. అప్పు ఇచ్చిన దేశం లేదు, రూబుల్ విలువ కుప్పకూలింది, పాత మారకం రేటు ఎవరు ఒప్పుకుంటారు? 1993 జనవరిలో యెల్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు ప్రధాని పీవీ నరసింహారావుతో దీని మీద ఒప్పందం కుదిరింది. బాకీని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని 45 ఏళ్ల పాటు వడ్డీ లేకుండా కట్టేలా మార్చారు. ఆ రూపాయలతో రష్యా ఇక్కడి తేయాకు, మందుల వంటివి కొనుక్కునేది.

అణ్వాయుధాలు నాలుగు రిపబ్లిక్‌లలో ఉన్నాయి. ఉక్రెయిన్ నేల మీద దాదాపు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లు ఉండేవి, ప్రపంచంలో మూడో పెద్ద నిల్వ. కాకపోతే ప్రయోగ సంకేతాలు మాస్కో చేతిలో ఉన్నాయి, నిర్వహణకు ఉక్రెయిన్ దగ్గర డబ్బు లేదు. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలతో ఒక పత్రం వచ్చింది: ఆయుధాలు వదులుకుంటే ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని. 1996 జూన్‌కల్లా ఆఖరి వార్‌హెడ్ వెళ్లిపోయింది. ఆ మాట తప్పితే మిగతావాళ్లు సైనికంగా ఆదుకోవాలన్న షరతు ఆ పత్రంలో లేదు. అణ్వాయుధాలు ఉంచుకోవాల్సిందని ఇప్పుడు చాలామంది ఉక్రెయిన్లు అంటారు. ఉంచుకోవడం నిజంగా సాధ్యమయ్యేదా అన్నది నిపుణుల్లో తేలని వాదన.

అన్నింటికన్నా త్వరగా సామాన్యుణ్ని ముంచింది రూబుల్. 1992లో దేశాలు వేరు, డబ్బు ఒక్కటే. నోట్లు ముద్రించేది రష్యా మాత్రమే, కానీ ప్రతి దేశం కేంద్ర బ్యాంకూ తన కర్మాగారాలకు రూబుళ్లలో అప్పు రాసివ్వగలదు. ఒక ఊహా లెక్క చూడండి. ఒక దేశం బ్యాంకు తన కర్మాగారాలకు 100 కోట్ల రూబుళ్ల అప్పు ఇచ్చింది. ఆ కర్మాగారం దాంతో రష్యా నుంచి చమురు కొంది. లాభం ఆ దేశానిది. కొత్తగా పుట్టిన ఆ డబ్బు వల్ల పెరిగిన ధరలు మాత్రం రూబుల్ వాడే అందరి మీదా పడ్డాయి. అలాంటప్పుడు అప్పులివ్వకుండా ఆగినవాడే నష్టపోతాడు, అందుకే ఎవరూ ఆగలేదు. ధరల మీద నియంత్రణ ఎత్తేసిన రష్యాలో 1992లో ద్రవ్యోల్బణం 2,500 శాతం చేరింది. 1993లో ఉక్రెయిన్‌లో 10,000 శాతం దాటింది. జీవితమంతా దాచుకున్న పొదుపు నెలల్లో ఆవిరైంది. ఎస్టోనియా 1992 జూన్‌లోనే సొంత కరెన్సీ తెచ్చి బయటపడింది. 1993 జులైలో రష్యా పాత నోట్లు రద్దు చేయడంతో ఉమ్మడి రూబుల్ ముగిసింది. 1994లో రష్యాలో పురుషుల సగటు ఆయుర్దాయం 58 ఏళ్లకు కూడా చేరలేదు, నాలుగైదేళ్లలోనే ఆరేళ్ల దాకా తగ్గిపోయింది. యుద్ధం లేని కాలంలో ఇంత పతనం అరుదు.

ఒకే దేశంగా కట్టిన పరిశ్రమ విడిపోతే ఏమవుతుందో మన నౌకాదళానికీ తెలుసు. రష్యాలో మనకోసం కట్టిన యుద్ధనౌకలకు గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికోలాయివ్ నుంచి రావాలి. 2014 తర్వాత ఉక్రెయిన్ వాటిని రష్యాకు అమ్మనంది. చివరికి భారతే ఉక్రెయిన్ దగ్గర కొని రష్యా యార్డుకు అందించాల్సి వచ్చింది. అలా పూర్తయిన ఐఎన్ఎస్ తుశిల్ 2024 డిసెంబరులో నౌకాదళంలో చేరింది.

## కదలకుండానే విదేశీయులైనవాళ్లు

రష్యా బయట సుమారు 2.5 కోట్ల మంది రష్యన్లు మిగిలారు. వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు, సరిహద్దే వాళ్లను దాటి వెళ్లింది. చాలా దేశాలు తమ నేల మీద ఉన్నవారందరికీ పౌరసత్వం ఇచ్చాయి. లాట్వియా, ఎస్టోనియా ఇవ్వలేదు. 1940కి ముందు పౌరులకూ, వాళ్ల సంతానానికే హక్కు అన్నాయి. ఆక్రమణ కాలంలో వచ్చి స్థిరపడినవారు భాషా పరీక్ష రాసి పౌరసత్వం తెచ్చుకోవాలి. లాట్వియాలో దాదాపు 7 లక్షల మంది ఏ దేశానికీ చెందని హోదాలో మిగిలారు, ఓటు లేకుండా. ఆ దేశాల భయం అర్థమవుతుంది. లాట్వియాలో లాట్వియన్లు 1989 నాటికి 52 శాతానికి పడిపోయారు. అయినా అక్కడే పుట్టినవారికి, తాము గీయని గీతకు శిక్ష వేయడం న్యాయమని నేను అనలేను. ఏ దేశానికీ చెందని ఆ 7 లక్షల సంఖ్య తర్వాతి దశాబ్దాల్లో బాగా తగ్గింది.

## గీతలు పెట్టింది లెనినా, చెరిపింది ఎవరు?

పుతిన్ వాదన మనకు తెలిసిందే. రిపబ్లిక్‌లకు విడిపోయే హక్కు ఇచ్చి లెనిన్ రాజ్యం కింద బాంబు పెట్టాడనీ, నేటి ఉక్రెయిన్ బోల్షివిక్‌ల సృష్టి అనీ 2022 ఫిబ్రవరి 21 ప్రసంగంలో చెప్పాడు. సోవియట్ హోదాలు జాతి భావనను పెంచి పోషించాయన్న మేరకు చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటారు. పాఠశాలలు, పత్రికలు, రచయితల సంఘాలు, అధికారుల గణం, అన్నీ రిపబ్లిక్ పేరు మీదే ఎదిగాయి. కానీ లెనిన్ శూన్యంలోంచి ఉక్రెయిన్‌ను పుట్టించలేదు. అంతకు ముందే, 1918లో ఉక్రెయిన్ ప్రజా రిపబ్లిక్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అంతర్యుద్ధంలో ఆ జాతీయవాద బలం చూశాకే బోల్షివిక్‌లు రిపబ్లిక్ హోదా ఇచ్చి కలుపుకున్నారు. పైగా ఈ సరిహద్దులను రష్యా 1991లో ఒప్పుకుంది, 1994లో ఒప్పుకుంది, 1997 స్నేహ ఒప్పందంలో మళ్లీ ఒప్పుకుంది.

ఇంకో పక్షం అంటుంది: ఆ గీతలే లేకుంటే ఇంకా ఎక్కువ రక్తం పారేది. కజఖ్‌స్థాన్ ఉత్తరాన రష్యన్లు ఎక్కువ, దక్షిణాన కజఖ్‌లు ఎక్కువ. జనాభా ప్రకారం గీయబోతే ఎక్కడ ఆగాలి? కొత్త గీత కోసం పోరాడిన బోస్నియాలో ఏమైందో 1992-95 మధ్య ప్రపంచం చూసింది.

నాకు రెండో వాదనే బలంగా అనిపిస్తుంది, ఒక షరతుతో. గీతను ఉంచడం సరే, గీత లోపల చిక్కుకున్నవాళ్లకు ఏం హామీ ఇచ్చారు? బెలోవెజ్ పత్రంలో జాతి మైనారిటీల గురించి మంచి మాటలున్నాయి, కానీ అమలు చేసే యంత్రాంగం లేదు. కరబాఖ్ ఆర్మేనియన్‌కు, అబ్ఖాజియా జార్జియన్‌కు, లాట్వియా రాజధాని రీగాలోని రష్యన్‌కు తన మొర వినే చోటు లేకపోయింది.

## తోక్తోగుల్ నీళ్లు, వొరూఖ్ దారి

మధ్య ఆసియాలో పంపకం ఇంకా నడుస్తూనే ఉంది. కిర్గిజ్‌స్థాన్‌లో నారిన్ నది మీద తోక్తోగుల్ జలాశయం ఉంది, నిల్వ సుమారు 690 టీఎంసీలు. సోవియట్ కాలంలో ఏర్పాటు ఇది: వేసవిలో కిందికి నీళ్లు వదిలితే ఉజ్బెక్, కజఖ్ పత్తి పొలాలు పండుతాయి, బదులుగా చలికాలంలో కింద నుంచి బొగ్గు, గ్యాస్ కిర్గిజ్‌స్థాన్‌కు వస్తాయి. దేశాలు వేరయ్యాక గ్యాస్‌కు మార్కెట్ ధర అడిగారు. నీళ్లకు ధర కట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కిర్గిజ్‌స్థాన్ చలికాలంలో కరెంటు కోసం నీళ్లు వదలడం మొదలుపెట్టింది. కింది పొలాలకు చలికాలంలో వరద, వేసవిలో ఎండ. 1998లో ఒప్పందం చేసుకున్నారు, సరిగా నిలబడలేదు. ఇప్పుడు అదే నది మీద కంబరాటా-1 ఆనకట్టను మూడు దేశాలూ కలిసి కట్టడానికి ఒప్పుకున్నాయి.

ఫెర్గానా లోయలో ఒక దేశం నేల ఇంకో దేశం మధ్యలో ద్వీపంలా ఉంటుంది. తజికిస్థాన్‌కు చెందిన వొరూఖ్ కిర్గిజ్ భూభాగం మధ్యలో ఉంది. వొరూఖ్‌కు వెళ్లే దారి, పొలాలకు నీళ్లు తెచ్చే కాలువ గేటు ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద 2021లో, 2022లో రెండు సైన్యాలు కాల్చుకున్నాయి. 2022 సెప్టెంబరులోనే వందమందికి పైగా చనిపోయారు. 2025 మార్చి 13న బిష్కెక్‌లో ఇద్దరు అధ్యక్షులు దాదాపు 1,000 కిలోమీటర్ల సరిహద్దు మీద సంతకం చేశారు, కొన్ని భూముల మార్పిడితో, వివాదంలో ఉన్న రోడ్ల వాడకంపై అంగీకారంతో. అదే నెల చివర ఖుజంద్‌లో ఉజ్బెకిస్థాన్ కూడా కలిసి, మూడు దేశాల హద్దులు కలిసే చోటును ఖరారు చేసింది. మూడు ప్రభుత్వాలూ ఆ చోటు ఎక్కడో ఒప్పుకోవడానికి 33 ఏళ్లు పట్టింది.